ఆగ్నేయ మూల తూము

(రాజోలు దీవిలోని ఒక ఊళ్ళో, వేసవికి కాలువలు కట్టేసి నీళ్ళు ఆపే ముందు జరిగిన రైతుల సమావేశంలో ఒక మహిళా రైతు చేసిన ప్రసంగం పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న వ్యవసాయ పాలిటెక్నిక్ పిల్లలకి కూడా. పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చారు, టిఫిన్లు అయ్యాయనే అనుకుంటున్నాను.

"నాలుగు తరాలుగా మీ ఇంట్లో సేద్యం మానలేదు కదమ్మా, ఏమేం మారిందో ఓసారి చెప్పు" అని నన్ను అడిగారు. వారం రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది, కొడవలి పోయి కోత మిషను వచ్చింది, పెంట పోయి యూరియా వచ్చింది అని చెప్పుకుంటూ పోవచ్చు. అదంతా మీ అందరి ఇళ్ళలోనూ జరిగిందే. నేను మా చేను ఆగ్నేయ మూలనున్న తూము గురించి చెబుతాను. నీళ్ళు పెట్టుకునే తూము వాయవ్యం మూలన ఉంది, దాని సంగతి ఎవరైనా చెప్పగలరు. ఇది మురుగు తూము, చేలో ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే దారి. మా ఇంట్లో సేద్యం మారిన ప్రతిసారీ ఆ తూమును తవ్వి తీసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. మేం నాలుగు గింజలు ఇంటికి తెచ్చుకున్నా, అప్పుల పాలైనా, నీళ్ళు వచ్చినందుకో రానందుకో కన్నా, వచ్చిన నీళ్ళు బయటికి పోయినందుకో పోనందుకో అయింది. నాకు అర్థమైన చరిత్ర ఇంతే.

ముందు నీళ్ళు వచ్చిన సంగతి చెప్పుకుందాం, అది చెప్పకుండా ముందుకెళ్ళకూడదు. 1833 కరువు, 1839లో కోరంగి మీద పడ్డ ఉప్పెన, ఈ రెండింటి తర్వాత గోదావరి జిల్లాలో జనం చితికిపోయారు. నది పక్కనే ఉంటూ తిండి లేక చచ్చిపోయిన జనం. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా కట్టారు. మిగతా డెల్టాకి అక్కడితో పని అయిపోయింది. మన దీవికి మాత్రం అటు వైనతేయ, ఇటు వసిష్ఠ. కాలువ నీళ్ళు నదిని దాటి రావాలి. అందుకని గన్నవరం దగ్గర 49 ఖానాలతో అక్విడక్టు కట్టారు. కింద గోదావరి పోతూ ఉంటే పైన కాలువలో గోదావరి పోతుంది. నా చిన్నప్పుడు మా మామ్మ ఆ దారిన వెళ్ళినప్పుడల్లా చేతులు జోడించేది. గుళ్ళో ఎంత భక్తిగా దణ్ణం పెట్టేదో అక్కడా అంతే. పిల్లలూ, ఇప్పుడు మీరు చూసేది పాతదాని స్థానంలో కట్టిన కొత్తది. అయినా బస్సు దాని మీదుగా వెళ్ళేటప్పుడు కిటికీలోంచి ఒక్కసారి కిందికి చూడండి.

ఆ నీళ్ళు మా ముత్తాత చేలోకి వచ్చాయి. ఆయనకి 18 ఎకరాలు ఉండేది. మన నేల వాలు మీకు తెలుసు. చెంబుడు నీళ్ళు ఒలకబోస్తే ఎటూ పారకుండా అక్కడే ఇంకుతాయి. అలాంటి చోట పై చేను దాటి, దాని కింది చేను దాటి వచ్చిన నీళ్ళన్నీ చివరికి మా చేలో చేరేవి. మాది శివారు. అటు తర్వాత మురుగు కాలువ, ఆ తర్వాత ఉప్పు నేలలు, ఆ తర్వాత సముద్రం.

ముత్తాత పెట్టిన తూము తాటిమానుతో చేసింది. ముదురు తాడిని పడగొట్టి, నిలువునా రెండు చెక్కలుగా చీల్చి, లోపలి మెత్తటి దూటంతా తొలిచేస్తే గట్టి పెంకు మిగులుతుంది. రెండు పెంకుల్నీ మళ్ళీ కలిపి తాళ్ళతో బిగించి గట్టులో పాతితే గొట్టం తయారు. నీళ్ళు నిలవాలంటే గడ్డీ బంకమన్నూ కలిపిన ముద్దతో మూసేవారు, పోవాలంటే ఆ ముద్ద తీసేసేవారు. మా తాతయ్య చిన్నప్పుడు ఆ ముద్ద తొక్కి ఇచ్చే పని తనదేనని చెప్పేవాడు. నీళ్ళలో ఉన్నంతకాలం ఆ మాను చెడదు, గాలి తగిలితేనే పుచ్చుతుంది. ఆ తూము 30 ఏళ్ళకు పైగా ఉందంటే నమ్మండి.

ఆ రోజుల్లో అంత చిన్న తూముతో ఎలా సరిపోయిందంటే, వేసే వరి వేరు. ఆట్రగడలు, అక్కుళ్ళు, బాసంగులు, కృష్ణకాటుకలు. ఛాతీ ఎత్తు పెరిగే పైరు. చేలో మోకాలి లోతు నీళ్ళు వారం నిలిచినా తల పైకే ఉండేది. జూన్‌లో ఆకుమడి, అంటే నారుమడి, పోస్తే డిసెంబరు దాకా చేలోనే ఉండేది. పండేది తక్కువే, బాగా పండిన ఏడు ఎకరాకి 12, 13 బస్తాలు. కోతకి ముందే తడి నేలలో పిల్లిపెసర, మినుము చల్లేవారు. వరి కోసేసరికి అవి లేచేవి. పశువులకి మేత, ఇంటికి పప్పు, నేలకి సత్తువ. అప్పటి సేద్యాన్ని నేను గొప్ప చేసి చెప్పడం లేదు. మా మామ్మకి ఎనిమిది కాన్పులైతే ముగ్గురే మిగిలారు. కానీ ఆ పైరు నీళ్ళతో పోట్లాడకుండా నీళ్ళతోపాటు పెరిగేది. అది గుర్తుపెట్టుకోండి, తర్వాత వచ్చే కథంతా దాని మీదే ఉంటుంది.

ముత్తాత పోయాక 18 ఎకరాలు అన్నదమ్ములిద్దరికీ పంచితే తాతయ్యకి 9 వచ్చింది. తాతయ్య కొత్త విత్తనం అంటే ముందుండే మనిషి. మార్టేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో పెట్టారు. పడవ మీద వసిష్ఠ దాటి, అక్కడి నుంచి నడిచీ బండెక్కీ మార్టేరు వెళ్ళి విత్తనాల సంచి భుజాన వేసుకుని వచ్చేవాడు. అక్కడివాళ్ళు చెప్పింది విని వచ్చి, మళ్ళీ అరుగు మీద కూర్చుని పదిమందికి చెప్పేవాడు. వినేవాళ్ళు విన్నారు, లేనివాళ్ళు లేదు.

1960ల చివర్లో ఐ.ఆర్.8 వచ్చింది. ఆ పేరు వింటే ఇక్కడున్న పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఏదో గుర్తొస్తుంది. పొట్టి వరి. యూరియా వేస్తే పడిపోకుండా నిలబడి, ఎకరాకి 30 బస్తాలు కనిపించిన వరి. తాతయ్య మొదటి ఏడు రెండెకరాల్లో వేశాడు. నాట్లు ఊడ్చిన పదిహేను రోజులకి ముసురు పట్టింది. నాలుగు రోజుల వాన. పక్క చేలో అక్కుళ్ళు తలలు పైకి పెట్టుకుని ఉన్నాయి. తాతయ్య చేలో నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. తాటి తూము ఎంత తీసినా నీళ్ళు చేయి లావు ధారగా పోయేవి తప్ప తగ్గలేదు. రెండెకరాలూ కుళ్ళిపోయాయి.

ఆ ఏడే ఆయన తాటిమాను పీకేసి సిమెంటు గొట్టం పెట్టించాడు. మా మామ్మ చేతి గాజులు కుదువపెట్టి మరీ. "పొట్టివాడికి గుమ్మం కిందికి పెట్టాలే" అనేవాడట. ఎత్తు పైరు పోయి పొట్టి పైరు వచ్చాక, పంట ఎంత పండుతుందన్నది ఎరువు కన్నా ముందు మురుగు చెబుతుందని ఆయనకి ఆ ఒక్క ఏడుతో అర్థమైంది. ఈ మాట మీ పాఠాల్లో ఒక వాక్యంగా ఉండవచ్చు పిల్లలూ, మా ఇంట్లో మాత్రం రెండెకరాల కుళ్ళిన ఆకు.

దాళ్వా, అంటే శీతాకాలంలో వేసే రెండో వరి, కూడా ఆ కాలంలోనే పెరిగింది. తక్కువ రోజుల వరి కదా, డిసెంబరులో కోసి మళ్ళీ ఊడ్చేయొచ్చు. నదిలో నీళ్ళు తగ్గితే సీలేరు జలాశయాల నుంచి వదిలేవి వస్తాయి. రెండో పంట చేతికొచ్చింది, పిల్లల్ని చదివించుకోగలిగాం, పెంకుటిల్లు వేసుకోగలిగాం. అదే సమయంలో పిల్లిపెసర పోయింది, మినుము పోయింది, నేలకి ఆరే రోజు లేకుండా పోయింది. ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక దొరికే ఆ రెండు నెలలే ఇప్పుడు మన నేలకి విశ్రాంతి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. తాతయ్య తూము మార్చాడు, నాన్న బోదె, అంటే మురుగు పోయే చిన్న కాలువ, లోతు చేశాడు అని సులువుగా అంటున్నాను. నడుము లోతు బురదలో దిగి ఆ బోదె తవ్వింది మా ఇంటివాళ్ళు కాదు. పేట నుంచి వచ్చిన మనుషులు. మా పాలేరు కుటుంబం మూడు తరాలు మా చేలో పనిచేసింది. కూలి కుంచాలతో కొలిచి ధాన్యంగా ఇచ్చేవారు, ఆ కొలత ఎప్పుడూ సరిగ్గానే ఉండేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆ మూడో తరం మనిషి కొడుకు ఇప్పుడు గల్ఫ్‌లో పనిచేసి వచ్చి ఊళ్ళో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఇవాళ ఈ సభలో ఉన్నాడు. మురుగు బోదె ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ అడుగున రాయి తగులుతుందో నాకన్నా వాళ్ళ నాన్నకే బాగా తెలుసు. ఆ మధ్య నేను గట్టు మీద నిలబడి తికమకపడుతుంటే ఆయనే వచ్చి చెప్పి వెళ్ళాడు.

నాన్న కాలానికి వద్దాం. 9 ఎకరాలు ఇద్దరికి పంచితే నాన్నకి నాలుగున్నర, ఆయన కొనుక్కున్నది ఒకటిన్నర, మొత్తం 6. దాంట్లో ముప్పావు ఎకరం కొబ్బరి. 1982లో రెండు పెద్ద పనులు జరిగాయి. పాత ఆనకట్ట పక్కన గేట్లతో కొత్త బ్యారేజీ పూర్తయింది. మార్టేరు నుంచి ఎం.టి.యు.7029 వచ్చింది. స్వర్ణ అంటారు. ఇప్పుడు దేశంలో తూర్పు వైపు రాష్ట్రాలన్నీ తినే బియ్యం అది, మన మార్టేరులో పుట్టింది. ఈ సంగతి మన పిల్లలకి తెలియాలి. తక్కువ ఎరువుతో పండుతుంది, కాస్త నీళ్ళు నిలిచినా ఓర్చుకుంటుంది. ఐ.ఆర్.8 తర్వాత మా నాన్న మనసారా నమ్మిన విత్తనం అదొక్కటే.

తర్వాత 1986 ఆగస్టు. ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన వరద. నాకు అప్పుడు 18 ఏళ్ళు. జిల్లాలో ఏటిగట్లు చాలా చోట్ల తెగాయి. మా దగ్గర గట్టు తెగలేదు, ఎర్రనీళ్ళు మా చేలోకి రాలేదు. మమ్మల్ని ముంచింది పైన పడ్డ వాన నీళ్ళు. నది నిండుగా ఉంటే మురుగు కాలువ ఎక్కడికి పోతుంది? వెనక్కి తంతుంది. సిమెంటు తూము నోరు నీళ్ళలో మునిగిపోయింది. బయట నీళ్ళు, లోపల నీళ్ళు ఒకే మట్టంలో నిలబడిపోయాయి.

నాన్న నాకు ఒక వెదురు కర్ర ఇచ్చాడు. తూము దగ్గర గట్టు వార గుచ్చి, రోజూ పొద్దున్నే నీళ్ళు ఎక్కడున్నాయో మేకుతో గీత పెట్టాలి. మొదటి మూడు రోజులూ గీతలు పైకే పోయాయి. నాలుగో రోజు, అయిదో రోజు గీత మీద గీతే పడింది. ఆరో రోజు ఒక వేలెడు కిందికి దిగితే నేను ఇంటికి పరుగెత్తుకెళ్ళి చెప్పాను. నాన్న అన్నం తింటూ ఉన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని వచ్చి చూసి, "ఇంకో వారం పడుతుందమ్మా" అన్నాడు. సరిగ్గా అంతే పట్టింది. ఆ తర్వాత చేలోంచి వచ్చిన వాసన ఇప్పటికీ మరిచిపోలేను, కుళ్ళిన ఆకు, చచ్చిన చేప, బురద, మూడూ కలిసిన వాసన. మెట్ట వైపు వెళ్ళి ఆకు కొనుక్కొచ్చి సెప్టెంబరులో రెండోసారి ఊడ్చాం. ఆ వెదురు కర్ర ఇంకా మా చూరులో ఉంది. గీతలు కూడా ఉన్నాయి.

నేను సేద్యంలోకి వచ్చింది ఆ పన్నెండు రోజుల్లోనే అని ఇప్పుడనిపిస్తుంది. అప్పటికి కొత్తగా ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా వాటా ఇచ్చే సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్ళి కాని ఆడపిల్లలకే అది వర్తించేది, నేను ఆ లెక్కలోకి వచ్చాను. చుట్టాలు చాలామంది నాతో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించమని నాన్నకి చెప్పారు. అప్పట్లో ఎన్నో ఇళ్ళలో అదే జరిగింది. నాన్న ఒప్పుకోలేదు. "గీతలు పెట్టింది అది" అన్నాడు. అన్నయ్యకి మూడు, నాకు మూడు. అన్నయ్య హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. అతని మూడెకరాలు కూడా ఇప్పుడు నేనే చేస్తున్నాను, ఏటా మక్తా, అంటే కౌలు, పంపిస్తాను. అన్నాచెల్లెళ్ళ మధ్య లెక్క కాగితం మీద ఉంటేనే ప్రేమ నిలుస్తుందని మా అమ్మ మాట.

వరద తర్వాత వేసవిలో నాన్న తూమును మళ్ళీ తవ్వించాడు. ఒక గొట్టం బదులు రెండు, అదీ అడుగు కిందికి. మా బోదె మీద ఏడుగురు రైతులుంటే ఆరుగురు డబ్బు వేసుకుని బోదె అంతా లోతు చేశారు. ఏడో ఆయన ఇవ్వలేదు, ఆయన చేను మెరక. నాన్న ఆయనతో ఎప్పుడూ తగాదా పడలేదు. "మెరకవాడికి ముంపు ఏం తెలుసు" అని ఊరుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడ నాన్న గట్టిగా అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది. మెరక చేలోంచి వచ్చిన నీళ్ళే కదా పల్లంలో నిలిచేది. ఆ ఊరుకోవడం మన అందరికీ అలవాటైపోయింది.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి, ఆ బ్లోఅవుట్ 65 రోజులు మండింది, రాత్రిళ్ళు మా పెరట్లో దీపం లేకుండా పనిచేసుకునేంత వెలుగు. 1996 నవంబరులో తుఫాను. ముమ్మిడివరం, కాట్రేనికోన వైపు జరిగినదాంతో పోలిస్తే మనకి తగిలింది తక్కువే, అక్కడ ప్రాణాలు పోయాయి. మా ముప్పావు ఎకరంలో 22 చెట్లు పడ్డాయి. పడ్డ చెట్ల వేళ్ళు చూసి నాకు ఒక సంగతి తెలిసింది. బోదెలు తీసి నీళ్ళు నిలవకుండా చేసిన వరసల్లో చెట్లు చాలావరకు నిలబడ్డాయి. నీళ్ళు నిలిచే పల్లం వరసలోనే ఎక్కువ పడ్డాయి. కొబ్బరి చెట్టుకి నీళ్ళంటే ఇష్టమే, నిలవ నీళ్ళంటే పడదు. తర్వాత నల్లి వచ్చింది, ఇప్పుడు తెల్లదోమ. అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళు చెప్పినట్టు మిత్రపురుగుల్ని వదిలి చూశాం, మందు కన్నా అదే మేలనిపించింది. చెట్ల మధ్య కోకో వేశాను, కాయల దింపు కూలికి అది సరిపోతోంది. కొబ్బరి గురించి చెప్పాలంటే ఇంకో సభ కావాలి.

ఇక 2011. కోనసీమ రైతులం సార్వా, అంటే వానాకాలం వరి, వేయకుండా ఆపేశాం. పంట విరామం అన్నారు. లక్ష ఎకరాలకు దగ్గరగా ఊడ్పులు పడలేదు. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. మద్దతు ధర చాలదు, కూలీ దొరకదు, పెట్టుబడి రాదు అని అందరూ రాశారు, నిజమే. కానీ మనం అడిగిన వాటిలో మురుగు కాలువలు బాగుచేయమని కూడా ఉంది. కాలువలు ముందుగా వదిలితే అక్టోబరు, నవంబరు తుఫానుల లోపల పంట ఇంటికి చేర్చుకుంటామని కూడా ఉంది. వాటి గురించి తక్కువ మాట్లాడారు.

ఆ సార్వాలో నాన్న ఊడ్పు వేయలేదు గానీ, రోజూ పొద్దున్నే చేలోకి మాత్రం వెళ్ళాడు. తుంగ మొలిచిన చేలో చేసేదేముంది? తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడితే తీసి వచ్చేవాడు. "వరి లేదు కదా నాన్నా, దేనికి?" అని అడిగాను. "నేల ఉంది కదమ్మా" అన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళకి పోయాడు.

అప్పటి నుంచి నాది. నేను ఎంత మార్చానంటే, కొంత మార్చాను. ఊడ్పులకి మనుషులు దొరక్క, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు ఊడ్చారు రెండేళ్ళు. మంచి పనివాళ్ళు, వరసలు చక్కగా వేస్తారు. దాళ్వాలో వెదజల్లుతున్నాను. కొంత చేలో స్వర్ణ సబ్-1 వేశాను. అది మన 7029కే, ఒడిశాలో దొరికిన ఒక పాత దేశవాళీ వరి నుంచి ముంపు తట్టుకునే గుణం తెచ్చి చేర్చింది. రెండు వారాలు మునిగినా మళ్ళీ చిగురిస్తుంది. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు తాతయ్య కుళ్ళిన రెండెకరాలు, ముత్తాత అక్కుళ్ళు రెండూ గుర్తొచ్చాయి. పొట్టి వరి కోసం వదిలేసుకున్న గుణాన్ని మళ్ళీ ఓ పాత వరి దగ్గరికే వెళ్ళి తెచ్చుకున్నాం. మీలో ఎవరైనా విత్తనాల మీద పని చేయాలనుకుంటే, ఇలాంటి పని చేయండి.

కోతల సంగతి. చేను ఆరితే టైరు మిషను వస్తుంది. ఆరకపోతే టైరు మిషను దిగబడుతుంది, చైను మిషను పిలవాలి, గంటకి ఎక్కువ తీసుకుంటాడు, అదీ దొరకాలి. దొరికేలోపు వాన పడితే గింజ మొలకెత్తుతుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుని, రాత్రంతా బరకం పట్టుకుని కాపలా కాసిన టెన్షన్ ఇక్కడ అందరికీ తెలుసు. దాని మొదలెక్కడుందో వెతుక్కుంటూ వెళ్తే మా చేలో మాత్రం ఆ ఆగ్నేయ మూలే వస్తుంది. కోతకి పది రోజుల ముందు నీళ్ళు పోయి ఉంటే ఈ ఖర్చులో సగం ఉండదు.

రెండేళ్ళు ఒంట్లో బాగాలేక ఎకరంన్నర కౌలుకిచ్చాను. 2019లో వచ్చిన చట్టంలో కౌలు కార్డుకి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెట్టకు, భూమి పోతుందని చాలామంది చెప్పారు. పెట్టాను. ఏమీ పోలేదు. అతనికి పంట నష్టం డబ్బు అతని పేరు మీదే పడింది. కానీ ఆ రెండేళ్ళూ బోదె బాగుపడలేదు. అతని తప్పు కాదు. ఒక్క ఏడాదికి చేను తీసుకున్నవాడు పదేళ్ళు నిలిచే బోదె ఎందుకు తవ్వుతాడు? మన ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు సగం మంది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు, చేసేవాళ్ళు ఏడాది కౌలు మీద ఉన్నారు. మురుగు బోదె ఎవరిదీ కాకుండా పోయింది. దాంట్లో తూటికాడ, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, ఇంకా నేను ఇక్కడ చెప్పలేనివి కూడా పోస్తున్నారు.

చెరువుల సంగతి కూడా చెప్పాలి. 2009లో వన్నామీ రొయ్యకి అనుమతి వచ్చాక మన వైపు చేలు చెరువులయ్యాయి. మా పడమటి గట్టు పక్క చేను కూడా. చెరువు తవ్వినాయన చెడ్డవాడు కాదు, వరిలో పోగొట్టుకున్నది రొయ్యలో సంపాదించుకోవాలనుకున్నాడు. నాకూ లీజుకి అడిగారు, మక్తాకి ఎన్నో రెట్లు ఇస్తామన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిజం చెబుతున్నాను. అప్పటికి మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. కానీ మొదటి దాళ్వాలోనే ఆ గట్టు వార రెండు గజాల వెడల్పున నా వరి ఎర్రబడి ఆగిపోయింది. ఉప్పు. నేల మూడేళ్ళు ఉప్పు తాగితే మళ్ళీ వరికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ నాకు చెప్పలేకపోయారు. ఇవ్వలేదు. గట్టు వార మూడడుగుల బోదె తవ్వించి ఆ ఊట నీళ్ళు నేరుగా మురుగులోకి పంపుతున్నాను. దానికోసం నా నేల పోయింది, ఆ మేరకి ఆయన్ని అడిగితే కొంత ఇచ్చాడు, కొంత ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు ఎందుకు మీ ముందు నిలబడ్డానో చెబుతాను. మూడేళ్ళుగా మా తూములో నీళ్ళు వెనక్కి వస్తున్నాయి. వానాకాలంలో కాదు, వేసవిలో. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువలోంచి లోపలికి వస్తున్నాయి. చప్పగా ఉండవు, నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. శంకరగుప్తం మురుగు కాలువ (డ్రెయిన్) వెంట కొబ్బరి తోటలు ఎలా తలలు వాల్చి మోడులయ్యాయో మీరందరూ చూశారు. మన చుట్టాలవే ఆ తోటలు. మొవ్వు ఎండిన చెట్టు కింద నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక తిరిగొచ్చాం కదా.

నాన్న తూమును అడుగు కిందికి పెట్టాడని చెప్పాను. 1986 వరదకి అది సరైన పనే. ఇప్పుడు అదే అడుగు నాకు ముప్పు. నీళ్ళు బయటికి పోవడానికి కిందికి దించిన తూములోంచే సముద్రం లోపలికి వస్తోంది. పైకి పెడితే సార్వాలో మునుగుతాను. కింద ఉంచితే వేసవిలో ఉప్పు. తాతయ్యకీ నాన్నకీ ఈ చిక్కు లేదు, వాళ్ళకి నీళ్ళు ఒకవైపే పోయేవి.

ఇంజినీరింగ్ చదివిన మా అబ్బాయిని అడిగాను, ఇక్కడి డ్రెయిన్ల మీద పనిచేసి రిటైరైన ఒకాయన్నీ అడిగాను. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. గొట్టం ఎత్తు మార్చొద్దు, బయటి నోటికి తలుపు పెట్టండి అన్నారు. లోపలి నీళ్ళు తోస్తే తెరుచుకుంటుంది, బయటి నీళ్ళు తోస్తే మూసుకుంటుంది. మా ఒక్క తూముకి పెట్టించుకోవడం పెద్ద ఖర్చు కాదు, దాళ్వా ధాన్యం డబ్బులోంచి పక్కన పెట్టాను. కానీ నాకొక్కదానికి పెట్టుకుంటే ఉప్పు నీళ్ళు ఆగవు, పక్క తూములోంచి పక్కవాళ్ళ చేలోకి పోయి, అక్కడి నుంచి గట్టు కింద ఊటగా నాకే వస్తాయి. మెరకాయన్ని నాన్న అడగకుండా వదిలేశాడన్నాను కదా, నేను అడుగుతున్నాను. పెట్టాల్సింది మా బోదె మురుగు కాలువలో కలిసే చోట, ఏడుగురికీ కలిపి ఒకటి. దానికి రెండో తలుపు ఒకటి ఉంటుంది, చక్రం తిప్పి చేత్తో దించేది. పోటు మరీ ఎక్కువ ఉన్న రోజుల్లో అది దించాలి, ముసురు పట్టినప్పుడు అర్ధరాత్రయినా వెళ్ళి ఎత్తాలి. రొయ్యల చెరువు ఆయనకి కావలసిన రోజు నాకు అక్కర్లేకపోవచ్చు, నాకు కావలసిన రోజు కొబ్బరి రైతుకి నష్టం కావచ్చు.

ఈ నెలాఖరుకి కాలువ కడతారు. కట్టిన నాలుగో రోజుకి బోదె అడుగు కనిపిస్తుంది, పని మొదలుపెట్టుకోవచ్చు. తలుపు ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను, మిగతా సగం ఆరుగురూ ఎకరాల లెక్కన. వెదురు కర్ర కూడా మా చూరులోంచి తీసి తెస్తాను, మట్టం చూసుకోవడానికి పనికొస్తుంది. ఆ చక్రం తాళంచెవి ఎవరింట్లో ఉండాలి, అర్ధరాత్రి ఎవరు లేచి వెళ్ళాలి అన్నది మాత్రం నేను ఒక్కదాన్నీ చెప్పలేను. ఆ ఏడుగురూ ఇక్కడే ఉన్నారు. టీ తాగాక ఎవరూ వెళ్ళిపోవద్దు, ఈ చెట్టు కిందే కూర్చుందాం.